ముఖానికి నీరొచ్చిన రోజులు

సీమంతం అయ్యాక పురిటికి టెక్కలి దగ్గరున్న పుట్టింటికి వచ్చాను. నెలలు నిండేటప్పుడు ఏమేమి ఉంటాయో చెప్పడానికి మా వీధి ఆడవాళ్లెవరూ మొహమాటపడలేదు. నడుము లాగుతుందని, రాత్రుళ్లు మాటిమాటికీ మూత్రానికి లేవాలని, పొట్ట గట్టిపడి మళ్లీ వదులవుతుందని, కాళ్లకు నీరు దిగుతుందని చెప్పారు, అన్నీ నిజమే. అయితే ఆ నీరు కాళ్ల దగ్గర ఆగకుండా ముఖానికీ చేతివేళ్లకూ వచ్చి, సబ్బు రాసినా ఉంగరం ఊడిరాని స్థితి వచ్చినప్పుడు దాన్నీ అదే ఖాతాలో వేశారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం మాకు దూరం కాదు కనుక మా నాన్న ఒక్కరే వాపు అనగానే కిడ్నీలేమోనని కంగారుపడ్డారు. కారణం వేరైనా ఆ కంగారు సరైనదే.

36వ వారంలో చూపించుకున్న ప్రైవేటు ఆసుపత్రిలో బీపీ 144/92 ఉంది. 20 వారాలు దాటిన గర్భిణికి 140/90 వచ్చిందంటే కాసేపాగి మళ్లీ కొలవాలి, మూత్రంలో ప్రోటీను పోతోందేమో చూడాలి. ఆ డాక్టరుగారు మాత్రం రాస్తున్న చీటీ మీంచి తలెత్తకుండానే, "ఎండలో ఆటోలో వచ్చారు కదా, అందుకే. తొలి కాన్పువాళ్లకు ప్రతిదీ భయమే" అన్నారు. ఆ రెండో మాట విన్నాక, అప్పటికే ఉన్న తలనొప్పి సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ వారంలోనే ఒక రాత్రి నుదురు పగిలిపోతున్నట్టు నొప్పి మొదలై, మాత్ర వేసుకున్నా తగ్గలేదు. కుడివైపు పక్కటెముకల కింద కూడా పట్టేసింది. గ్యాసనుకుని అమ్మ వాము కషాయం పెట్టింది. గ్లాసు అందుకోబోతే బల్బు చుట్టూ మిణుగురుల్లా మెరుపులు కదిలాయి. అమ్మ ముఖంలో ఒక సగం కనిపించలేదు. పక్క వీధిలో ఉండే ఆశా కార్యకర్తను నాన్న లేపుకొచ్చారు. ఆమె నా కళ్లలోకి చూసి, "అమ్మా, ఇది గ్యాసు కాదు. ఇంకేటీ ఆలోచించకండి, 108కి ఫోను చెయ్యండి" అంది.

అంబులెన్సులో కొలిస్తే 170/114. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. నరసన్నపేట దాటేదాకా బిడ్డ కదలికే తెలియలేదు. అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంటూ, పొట్ట మీద చెయ్యి ఉంచి, ఒక్క తన్ను తన్నమని బిడ్డను బతిమాలుకున్నాను. హైవే మీద ఒక గతుకు దగ్గర తన్నింది. అది బిడ్డా, బండి కుదుపా అని శ్రీకాకుళం చేరేదాకా అనుమానమే.

అక్కడి పెద్దాసుపత్రిలో, ఇది ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో వచ్చే బీపీ జబ్బు అని చెప్పి, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారు. ఆ మందు ఎక్కుతుంటే గొంతు నుంచి అరికాళ్ల దాకా ఒళ్లంతా మంటెత్తిపోయింది. ఒక నర్సమ్మ తెల్లవార్లూ నా మంచం విడవలేదు. ఊపిరి లెక్కపెట్టేది, మూత్రం సంచీ చూసేది, చిన్న సుత్తితో మోకాలి కింద తట్టి, కాలు ఎగిరితే "బాగుందమ్మా" అనేది. మందు మోతాదు మించితే ముందుగా ఆ ఎగురుడే ఆగిపోతుందట. ఆవిడ పేరైనా అడగలేకపోయాను.

బీపీ అదుపులోకి తెచ్చి ఆపరేషన్ చేశారు. పాప 2 కిలోల 100 గ్రాములుంది, పుట్టగానే ఏడ్చింది.

బిడ్డ బయటపడితే గండం గడిచినట్టేనని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. అలా అనుకోకూడదు, కాన్పయ్యాక కూడా బీపీ పెరగవచ్చు, ఫిట్స్ రావచ్చు. అందుకే ఆ ఇంజెక్షన్ మరో 24 గంటలు సాగింది, ఆరు వారాల దాకా బీపీ చూపించుకున్నాను. నెలలు నిండుతున్నవాళ్లు తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, పక్కటెముకల కింద నొప్పి, ముఖం ఉబ్బడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారనిద్దాం అనుకోవద్దు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. బీపీ, మూత్రం రెండూ అడిగి చేయించుకోండి. ప్రీఎక్లాంప్సియా ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ గర్భం వస్తే మూడో నెల నిండే లోపే డాక్టరుకు చెప్పాలి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమా అన్నది అప్పుడే తేలుస్తారు.

మొక్కు తీర్చుకున్నాం. ఆశా కార్యకర్తకు చీర పెడితే, "నా పనే కదమ్మా" అంటూ మొహమాటంగా తీసుకుంది. పని అని ఆమె అనుకున్నదాన్ని, ఫీజు తీసుకున్న ఆ డాక్టరుగారు ఎందుకు అనుకోలేదో నాకు అర్థం కాదు. డిశ్చార్జి కాగితాల జిరాక్సు ఆయనకు పంపాలని మా ఆయన అంటున్నారు. నేను వద్దనలేదు.