స్టెప్నీకి గాలి ఒక్కటే చాలదు

నాలుగు టైర్లకూ గాలి కొట్టించి ఐదోదాన్ని, అంటే స్టెప్నీని, వదిలేయడం మనందరి అలవాటు. డిక్కీ నిండా సామాను ఉంటుంది, వెనక ఇంకో బండి హారన్ కొడుతుంటుంది, పైగా వాడని టైరులో గాలి ఎక్కడికి పోతుందిలే అనిపిస్తుంది. కానీ పోతుంది. రబ్బరు గుండానే గాలి సన్నగా జారిపోతూ ఉంటుంది. ఏ లోపమూ లేని టైరు కూడా నెలకు ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. 33 పెట్టి ఏడాది ముట్టుకోకపోతే ఇరవైకి అటూ ఇటూగా తేలుతుంది. ఆ గాలితో, నిండు బండితో, మే నెల ఎండలో హైవే మీద పరుగెత్తితే టైరు పక్కగోడ అదేపనిగా మడతపడి వేడెక్కి చీలిపోతుంది. అప్పుడు ఒక పంచర్ కాస్తా రెండు టైర్ల నష్టం అవుతుంది.

అందుకే స్టెప్నీలో కావాలనే కాస్త ఎక్కువ గాలి ఉంచాలి. డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద గాలి లెక్కల స్టిక్కర్ ఉంటుంది, కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. అందులో నిండు లోడుకు రాసిన అంకె చూసి, దానికి మూడు నుంచి ఐదు పీఎస్ఐ కలిపి పెట్టండి. టైరు మీద అచ్చువేసిన గరిష్ఠ అంకె మాత్రం దాటకూడదు. రోడ్డు మీద అవసరం పడ్డప్పుడు ఎక్కువైన గాలి ఒక్క నిమిషంలో తీసేయొచ్చు. లేని గాలి అక్కడ ఎవరిస్తారు?

డిక్కీలో ఉన్నది ఏ రకం స్టెప్నీయో ముందు తెలుసుకోవాలి. బక్కగా, సైకిల్ చక్రానికి అన్నలా ఉండే తాత్కాలిక స్టెప్నీ అయితే దానికి 60 పీఎస్ఐ కావాలి, గంటకు 80 కిలోమీటర్లు మించకూడదు. రెండూ దాని మీదే రాసి ఉంటాయి. దాన్ని మామూలు టైరు అనుకుని 33 పెట్టేసే గాలి కుర్రాళ్లు ఉన్నారు, కాబట్టి అంకె మీరే చెప్పండి. ఇంకో రకం మన దగ్గర ఎక్కువ: నాలుగు చక్రాలూ 16 అంగుళాల అల్లాయ్, స్టెప్నీ మాత్రం 15 అంగుళాల ఇనప రిమ్ము. అది కూడా పంచర్ షాపు దాకా వెళ్లడానికే తప్ప ఊరికి వెళ్లి తిరిగి రావడానికి కాదు. ఐదూ ఒకే సైజు అయితే ప్రతి పదివేల కిలోమీటర్లకు టైర్ల చోట్లు అటూ ఇటూ మార్పించేటప్పుడు ఐదోదాన్నీ అందులో కలిపి తిప్పించండి. అలా చేస్తే అన్నీ ఒకేలా అరుగుతాయి, స్టెప్నీ మూలపడి ముసలిదైపోదు.

వాడకపోయినా రబ్బరుకు వయసు పెరుగుతుంది. టైరు పక్కగోడ మీద డీఓటీ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఒక పక్కన కనపడకపోతే టైరు తిప్పి రెండో పక్క చూడండి. ఐదారేళ్లు దాటితే ఏడాదికోసారి బాగా తెలిసినవాళ్లకు చూపించండి. పదేళ్లు దాటితే గాడులు కొత్తగా మెరుస్తున్నా దాన్ని నమ్మొద్దు.

గాలి కొట్టాక పాత పంచర్ షాపువాళ్లు వేలు తడిచేసి వాల్వ్ నోటి మీద పెట్టి చూస్తారు. ఆ తడి పొరలా నిలిస్తే సరే. మెల్లగా ఉబ్బి బుడగ అయ్యిందంటే లోపల పిన్ను పోయినట్టే. పిన్ను ఖరీదు చాలా తక్కువ, వెంటనే మార్పించుకోండి. వాల్వ్ రబ్బరును వంచి దాని మొదలు దగ్గర పగుళ్లున్నాయేమో చూడండి. మూత తప్పకుండా ఉండాలి. దుమ్ము పిన్నులోకి పోకుండా ఆపేది అదే.

ఇన్నోవా, ఎర్టిగా లాంటి బండ్లకు స్టెప్నీ అడుగున వేలాడుతుంది. బురద, నీళ్లు, రాళ్ల దెబ్బలు అన్నీ దానికే. దాన్ని దించే కేబుల్‌కి తుప్పు పట్టి బిగుసుకుపోతే టైరు కళ్లముందే ఉన్నా చేతికి రాదు. ఏడాదికి రెండుసార్లయినా పూర్తిగా కిందికి దించి, కడిగి, మళ్లీ ఎక్కించండి. వానాకాలం అవగానే ఒకసారి తప్పనిసరి. డిక్కీ లోపల ఉండే స్టెప్నీ గుంతలోనూ నీళ్లు చేరతాయి. టైరు లేపి ఆ గుంతలో చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి.

అసలు చిక్కు నట్ల దగ్గర వస్తుంది. చాలా చిన్న కార్లకు వీల్ నట్టు బిగువు 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది (మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది). బండితో ఇచ్చే పానా సుమారు అడుగు పొడవు. అంటే దాని చివర 35 కిలోల బరువు వేసినంత బలం చాలు. టైరు షాపులో గాలి గన్నుతో దానికి రెట్టింపు బిగిస్తే ఆ లెక్క 70 కిలోలవుతుంది. రాత్రిపూట రోడ్డు పక్కన అంత బలం అందరికీ ఉండదు. గన్నుతో నట్టు పట్టించినా చివరి బిగువు చేత్తోనే వేయమని అడగండి, ఇంటికొచ్చాక మీ పానాతో ఒక్కో నట్టూ వదిలి మళ్లీ బిగించి చూడండి. బోల్టులకు నూనె రాయొద్దు. జారుడు వల్ల అదే బలానికి నట్టు మరింత లోతుగా దిగి బోల్టు సాగిపోతుంది. లాక్ నట్లు (మామూలు పానాకు ఊడనివి) ఉంటే వాటి తాళంచెవి డిక్కీలో, పానాతో పాటే ఉండాలి.

నట్లన్నీ తీసినా రిమ్ము హబ్బుకి (చక్రాన్ని బిగించే ఇరుసు ముఖానికి) అతుక్కుని రాకపోవడం కూడా మామూలే. జాకీ మీద ఉన్న బండిని ఊపి లాగడం ప్రాణాలతో ఆట. నట్లు మళ్లీ పెట్టి ఒక్కో చుట్టు వదులుగా ఉంచి, బండిని కిందికి దించి, పక్కలకు ఊపితే పట్టు విడుతుంది. సర్వీసులో చక్రం తీసినప్పుడు హబ్బు ముఖాన్ని వైరు బ్రష్‌తో రుద్దించండి.

కార్లలో స్టెప్నీ ఉండాలన్న మన దేశపు నిబంధన 2020లో మారింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, పంచర్ కిట్ ఉన్న కార్లు స్టెప్నీ లేకుండా రావచ్చు. మీది అలాంటిదైతే కిట్‌లోని సీలెంట్ (చిల్లిని లోపలి నుంచి పూడ్చే ద్రవం) సీసా మీద గడువు తేదీ చూసుకోండి. మేకు దిగిన చిల్లికి అది పనిచేస్తుంది, టైరు పక్కగోడ చీలితే మాత్రం పనికిరాదు.

స్టెప్నీ ఎక్కించేటప్పుడు నట్లు వరుసగా కాకుండా ఒకటి వదిలి ఒకటి, ఎదురెదురుగా బిగించండి. చివరి బిగువు బండి నేలకు దిగాకే. యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిచాక ఒక్కసారి ఆపి, పానా పెట్టి నట్లు మళ్లీ చూడండి.