అట్టపెట్టెలో దొరికిన లిలీ ఎల్సీ

లండన్‌లో ఆదివారం పాత సామాన్ల సంతకు వెళ్లాను. చెప్పుల అట్టపెట్టెలో కుక్కిన పోస్టుకార్డుల మధ్య ఈవిడ కనిపించారు. బండి చక్రమంత టోపీ, దాని కింద కాస్త బెదురుగా చూసే కళ్లు. రెండు పౌండ్లు. బేరమాడకుండా కొన్నాను, నా విషయంలో అది వింతే.

పేరు లిలీ ఎల్సీ, రంగస్థల నటి. 1886లో లీడ్స్ దగ్గర ఆర్మ్‌లీలో పుట్టారు. చిన్నప్పుడే 'లిటిల్ ఎల్సీ' అంటూ వేదికలెక్కించారు. 1907 జూన్‌లో డేలీస్ థియేటర్లో 'ది మెర్రీ విడో' మొదలయ్యాక లండన్ అంతా ఆవిడ పేరే. ఆ నాటకం 778 సార్లు ఆడింది! దుస్తులు ఫ్యాషన్ డిజైనర్ లూసిల్‌వి (తర్వాత టైటానిక్ నుంచి బతికి బయటపడ్డది ఈ లూసిలే). ఆ టోపీ కోసం ఆడవాళ్లు ఎగబడ్డారు.

ఇంత పేరొచ్చిన మనిషికి జనం ముందుకు రావాలంటే బిడియమట. 1911లో ఓ ధనవంతుణ్ని పెళ్లాడి రంగస్థలం వదిలేశారు. మధ్యలో కొన్నిసార్లు తిరిగి వచ్చారు. 1930లో విడాకులు. ఆపైన మానసిక అనారోగ్యం, మెదడుకు శస్త్రచికిత్స. 1962లో పోయారు. బస్సులో ఇదంతా ఫోనులో చదివి మళ్లీ ఆ కళ్ల వైపే చూస్తూ కూర్చున్నాను, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఇంటికొచ్చి కార్డు వెనక్కి తిప్పాను. వెలిసిన సిరాతో ఎవరో రాశారు: క్షేమంగా చేరాం, ఇక్కడ ఒకటే వాన.