ఆదివారమంతా కారు కిందే

మూడు నెలలుగా ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని ఒకటే చప్పుడు. అనంతపురం హైవే మీద ఏమీ ఉండదు, మా వీధి గుంతల్లో దిగితే మొదలు. షెడ్డులో చూపిస్తే సస్పెన్షన్ మొత్తం మార్చాలన్నారు, నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి లింక్ రాడ్ (చక్రం వెనకాల ఉండే సన్న కడ్డీ) పట్టుకుని ఊపితే అదే చప్పుడు, ఇంకా లోపలికి చూస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి లాంటిది) కీలులో ఉండే బుష్ రబ్బరు చీలిపోయి ఉంది. సరే, ఈ రెండూ మనమే మారుద్దాం అనుకున్నా.

లింక్ రాడ్ నట్టు తిప్పితే బోల్టు కూడా తిరుగుతుంది! బోల్టు మధ్యలో ఎలెన్ కీ (ఆరు పలకల తాళం) పెట్టి పట్టుకోవాలని తెలిసేసరికి గంట పోయింది. పాతది ఊడింది, కొత్తది రంధ్రంలో కూర్చోదు. ఒక పక్కే లేపితే స్టెబిలైజర్ బార్ (రెండు పక్కల లింక్ రాడ్లనీ కలిపే అడ్డకడ్డీ) మెలి తిరిగి ఉంటుందట, రెండో పక్క కూడా జాకీతో లేపి స్టాండ్ పెట్టినాక ఇట్టే ఎక్కింది. (వట్టి జాకీని నమ్మి మాత్రం కిందకి దూరకండి.)

తర్వాత బుష్ కూడా మార్చి ఆర్మ్ బోల్టు గట్టిగా బిగిస్తుంటే ఎదురింటి పెద్దాయన, ఒకప్పుడు లారీ మెకానిక్, గోడ మీంచి అరిచినాడు: "అబ్బీ, చక్రం గాల్లో ఉండగా బిగించొద్దు, బండి నేల మీద నిలబడినాక బిగించు, లేకుంటే రబ్బరు మెలిపడి మళ్లీ చీలుతుంది." ఆయన చెప్పకుంటే రెండోసారి ఇదే పని.

చప్పుడు పోయింది. స్టీరింగ్ కొంచెం కుడికి లాగుతోంది, రేపు చక్రాల వరస సరిచేయించను అలైన్‌మెంట్‌కి పోవాలి. అమ్మ మాత్రం గ్రీజు అయిన తువ్వాలు గురించే ఇంకా తిడుతోంది.