ఎవరికి వెళ్తుందో తెలియని రక్తం

"ఎవరికెక్కించారో కనుక్కోలేదా?" అని నేను రక్తదానం చేసొచ్చిన ప్రతిసారీ మా ఆయన అడుగుతారు. కనుక్కోను. బ్లడ్ బ్యాంకు వాళ్లు చెప్పరు కూడా. నాకా పద్ధతే నచ్చుతుంది.

ఎండాకాలంలో తప్పకుండా వెళ్తాను. కాలేజీలకు సెలవులు, క్యాంపులు తగ్గిపోతాయి. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం 2 నుంచి 4 వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. వాళ్ల అమ్మానాన్నల టెన్షన్ తలుచుకుంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాదు.

ముందు వేలు పొడిచి హిమోగ్లోబిన్ చూస్తారు, కనీసం 12.5 గ్రాములు (డెసిలీటరుకు) ఉండాలి. చేతికి మెత్తటి బంతి ఇచ్చి నొక్కుతూ ఉండమంటారు. పక్కన చిన్న మెషీన్ మీద సంచీ అటూ ఇటూ ఊగుతూ నిండుతుంది, రక్తం గడ్డకట్టకుండా. తర్వాత దాన్ని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీస్తారు. అంటే ఒక్క సంచీ ముగ్గురికి పనికిరావచ్చు. వాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చి దండం పెట్టాలా? అసలే జబ్బుతో ఉన్నవాళ్ల మీద రుణపడ్డామన్న బరువు కూడా ఎందుకు? కోలుకుని ఇంటికెళ్తే చాలు.

మగవాళ్లు 3 నెలలకోసారి, ఆడవాళ్లు 4 నెలలకోసారి ఇవ్వొచ్చు. ఈ మే నెలలో మా చెల్లెల్ని కూడా తీసుకెళ్తున్నాను.