కట్ట దిగితే రాణిగారితోట

మన పాత విద్యార్థుల సమావేశం కమిటీ వాళ్లు ఫోన్ చేసి "స్కూల్ గురించి ఏదో ఒకటి రెండు పేజీలు రాసివ్వవే, ఆదివారం లోపు ప్రెస్సుకి వెళ్లాలి" అన్నప్పటి నుంచీ నాకు గుర్తొస్తున్నది స్కూల్ కాదు, బెజవాడ కృష్ణలంక పక్కన ఏటి ఒడ్డునున్న రాణిగారితోట. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సంగతులు వేపచెట్టు బ్యాచ్ ఎలాగూ రాస్తుంది. వార్షికోత్సవం నాటకం గురించి కిరీటం పెట్టుకున్నవాళ్లే రాసుకోవాలి. బెల్లు తాడు వ్యవహారం ఎవరు రాసినా పేర్లు మాత్రం వద్దని నా మనవి, ఇప్పుడందరూ పిల్లల తల్లిదండ్రులు. నేను మాత్రం సోషల్ మాస్టారి గురించే రాస్తాను, ఆయన మనల్ని తొమ్మిదో తరగతిలో ఆదివారాలు తిప్పిన తిరుగుడు గురించి.

బెజవాడలో కృష్ణ అంటే అందరికీ ప్రకాశం బ్యారేజీ, దుర్గా ఘాట్, దసరాకి హంస వాహనం మీద తెప్పోత్సవం, ఇంకా తీరికుంటే భవానీ ఐలాండ్. బ్యారేజీకి దిగువన, బందరు కాలవకీ కృష్ణకీ మధ్యన ఇంత ఊరుందని మన క్లాసులో గవర్నర్‌పేట పిల్లలకే తెలీదు. వాళ్లు సత్యంగారి హోటల్ సెంటర్ దాకా వచ్చి ఆగిపోయేవాళ్లు. హైవే దాటి కట్ట దిగితే వేరే లోకం. సన్నటి సందులు, రేకుల ఇళ్లు, అరుగుల మీద ఆరబెట్టిన వలలు. అప్పట్లో సందు చివర గోడ ఉండేది కాదు, ఇసక ఉండేది. ఎండాకాలం ఆ ఇసకలో దోసపాదులు, వాటి అవతల బర్రెలు, ఇంకా అవతల ఎక్కడో పాయగా కృష్ణ. ఇంత దూరంగా ఉన్న ఏరు ఈ సందుల్లోకి ఎలా వస్తుందని మనలో ఎవరో అడిగారు. ఆ ప్రశ్నకి మాస్టారు నోటితో జవాబు చెప్పలేదు, దానికి ఆయనకి చాలా ఆదివారాలు పట్టింది.

మీకు గుర్తుందా, మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల ట్యూబు? ఆయన ఎక్కడో అరువు తెచ్చారు. ఇంటింటికీ తీసుకెళ్లి "వరదొచ్చినప్పుడు నీళ్లు ఎందాకా వచ్చాయమ్మా" అని అడిగించేవారు. ఒక మామ్మగారు లోపలికి పిలిచి క్యాలెండర్ తగిలించిన మేకు చూపించింది, "ఇదిగో, దీని కింద జానెడు". ఎదురింటి తాతగారు ఒప్పుకోలేదు. మా ఇంట్లో మోకాలి దాకానే, ఆవిడ పెంచి చెబుతోందన్నాడు. ఇద్దరికీ సందులోనే మాటామాటా పెరిగింది. మాస్టారు ఏమీ అనకుండా ట్యూబు ఒక చివర మామ్మగారి గోడకీ, ఇంకో చివర తాతగారి గోడకీ పట్టించారు. ట్యూబు సందుకి అడ్డంగా నేల మీద పడి ఉంది, సైకిళ్లవాళ్లు ఆగి చూస్తున్నారు. మామ్మగారి వైపు నీళ్లు సరిగ్గా ఆ జానెడు గుర్తు దగ్గర నిలిచేలా సర్ది, తాతగారి వైపు నీళ్లు ఎక్కడ నిలిచాయో అక్కడ సుద్దముక్కతో గీత గీశారు. తాతగారి మోకాలు సరిగ్గా అక్కడికే వచ్చింది! ఆయన ఇల్లు మెరక, ఆవిడ ఇల్లు పల్లం, ఇద్దరూ చెప్పింది నిజమే. మామ్మగారు ఆ సంతోషంలో మనందరికీ మజ్జిగ పోసింది. అలా సందు సందంతా గీతలు గీశాం. ఏ ఇంట్లో ఎన్ని అంగుళాలో "బి" సెక్షన్ లీడర్ నోట్‌బుక్‌లో రాసేది.

బందరు కాలవలో కొబ్బరిచిప్ప వదిలి వాచీ చూసుకుంటూ గట్టు మీద పరిగెత్తడం, నీటి వేగం లెక్క కట్టడం కూడా ఆ సంవత్సరమే. అయితే నాకు నిలిచిపోయింది మాత్రం కట్ట మీద కూర్చోబెట్టి ఆయన చెప్పిన బ్యారేజీ పాఠం. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకి 1952లో గండి పడింది, దాని తర్వాత 1957కి 70 గేట్లతో ఈ బ్యారేజీ వచ్చింది, ఇదంతా పుస్తకంలో ఉండేదే. "ఇది నీళ్లు దాచిపెట్టే డ్యామ్ కాదమ్మా, కాలవల్లోకి మళ్లించేది. పైనుంచి వరదొస్తే గేట్లెత్తి కిందికి వదలాల్సిందే. కిందంటే ఎవరు?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. అక్కడున్న పిల్లల్లో సగం మంది ఆ కిందవాళ్లే.

పదో తరగతి, ఇంటరు, ఇంజినీరింగు అన్నీ ఎలా గడిచాయో ఇక్కడ అనవసరం. ప్రస్తుతం గోదావరి జిల్లాల్లో నీటిపారుదల శాఖలో డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) చేస్తున్నాను. నా సంతకం ఉన్న డ్రాయింగులతో కట్టిన కరకట్టలు కొన్ని వరదలు చూసి నిలబడ్డాయి, ఆ సంగతి తలుచుకుంటే తృప్తిగా ఉంటుంది. కొత్త ఊరికి వెళ్తే సర్వే మొదలుపెట్టకముందే పెద్దవాళ్లని పిలిచి నీళ్లు ఎందాకా వచ్చాయో గోడ మీద చూపించమంటాను. మా కుర్ర ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు) మొదట్లో టైమ్ వేస్ట్ అనుకున్నారు, ఇప్పుడు వాళ్లే నాకన్నా ముందెళ్లి అడుగుతున్నారు.

2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కుల (క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు) దాకా వచ్చినప్పుడు కృష్ణలంక, రాణిగారితోట మునిగాయి. అక్కడే ఉన్న మాస్టారి ఇంట్లో కిటికీ దాకా నీళ్లు. ఆయన సామాను పైకి చేర్చి, నీళ్లు తగ్గాక ముందు చేసిన పని గోడ మీద గీత గీసి తేదీ వేయడం. తర్వాత ఏటి ఒడ్డున వరదని ఆపే రిటైనింగ్ వాల్ దశలవారీగా వచ్చింది. 2024 సెప్టెంబరులో కృష్ణ అంతకన్నా పెద్దగా వచ్చింది, 11.43 లక్షల క్యూసెక్కులు. ఆ లెక్కన వచ్చే నీళ్లు ఆపాలని చూస్తే బ్యారేజీలో పట్టే 3 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ముప్పావు గంటలో నిండిపోతాయి. ఒకపక్క బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగింది, ఇంకోపక్క కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకి తగిలాయి. నాకు ఇక్కడ డ్యూటీ, అక్కడ టెన్షన్. అర్ధరాత్రి ఫోన్ చేస్తే మాస్టారు బాగున్నావా అని కూడా అనలేదు, "అమ్మాయ్, లక్షలు ఎంత దాటింది?" అన్నారు. చెప్పాను. కాసేపాగి "అయితే ఏరు గోడకి అవతల నా గీతకి పైనే ఉంది, నేను మాత్రం పొడి నేల మీదున్నాను" అన్నారు. అంత పొంగిన గొంతు ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు. ఒక గోడ ఎంతమందిని నిద్రపోనిచ్చిందో లెక్కల్లో చెప్పలేం, ఆ గొంతు వింటే తెలుస్తుంది.

ఇప్పుడు గోడ పక్కన పార్కు, వాకింగ్ ట్రాక్ వచ్చాయి. అక్కడ సెల్ఫీలు దిగేవాళ్లు వెనక్కి తిరిగి ఆ సందుల్లోకి కూడా ఓసారి వెళ్లాలని నా కోరిక.

కాబట్టి కమిటీకి ఒక ప్రతిపాదన. సమావేశం మర్నాడు పొద్దున్నే ఏడింటికి సత్యంగారి హోటల్ సెంటర్లో కలుద్దాం. ఆటోనగర్ నుంచి లాస్ట్ బెంచి వాళ్లు, డాలస్ నుంచి వచ్చే కిరీటం గారు, అందరూ రావాలి. మాస్టారికి మోకాళ్ల నొప్పులు, హాలు దాకా రాలేరు, మనమే వెళ్లాలి. ఆయనతో మాట్లాడాను, టిఫిన్ తినేసి రమ్మన్నారు. నీళ్ల ట్యూబు నేను తెస్తాను. 2009 గీతని మన పాత గీతలతో పోల్చి చూడాలని ఆయన పట్టు, కాబట్టి లీడర్ గారూ, నోట్‌బుక్ మీ అమ్మగారింట్లో అటక మీద ఉంటే ఈలోపు దింపించి పెట్టండి.