మామిడి ఆకులోంచి డీఎన్‌ఏ తీసిన నా అనుభవం

ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో నాకు వచ్చిన ప్రాజెక్టు బంగినపల్లి మామిడి ఆకులోంచి డీఎన్‌ఏ తీయడం. వరి ఆకు తీసుకున్నవాళ్ల పని తొందరగా తేలిపోయింది. మామిడి అలా లొంగదు. దాని ఆకులో పాలీఫినాల్స్ (వగరునిచ్చే పదార్థాలు), జిగురు పాలీశాకరైడ్లు (చక్కెర గొలుసులు) బాగా ఎక్కువ. ఆకు నూరగానే పాలీఫినాల్స్‌కి గాలి తగిలి గోధుమరంగుకి తిరుగుతాయి, డీఎన్‌ఏని పట్టుకుని వదలవు. "లేత ఆకులే కొయ్యమ్మా, ముదురాకు జోలికి పోవద్దు" అని మా మేడమ్ మొదటిరోజే చెప్పారు.

మేం వాడింది సీటాబ్ పద్ధతి. సీటాబ్ అంటే కణాల పొరల్ని విడగొట్టే సబ్బులాంటి పదార్థం. బఫర్ ద్రావణంలో సీటాబ్, ఎక్కువ మోతాదులో ఉప్పు, పాలీఫినాల్స్‌ని పట్టుకోడానికి పీవీపీ ఉంటాయి. వాడబోయే ముందు బీటా మెర్‌కాప్టోఇథనాల్ కొద్దిగా కలపాలి. ఇందులో ఒక చివర ఆల్కహాల్‌కి ఉండే ఓహెచ్, రెండో చివర గంధకం ఉన్న ఎస్‌హెచ్ ఉంటాయి. పాలీఫినాల్స్ రంగు మారకుండా ఆపేది ఆ ఎస్‌హెచ్చే. భరించలేని కుళ్లు వాసన, పైగా విషం. ఫ్యూమ్ హుడ్ బయట దాని మూత తీయకూడదు.

65 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచాక క్లోరోఫాం 24 పాళ్లు, ఐసోఅమైల్ ఆల్కహాల్ ఒక పాలు కలిపిన ద్రావణం పోశాను. అయిదు కార్బన్ల ఈ ఆల్కహాల్ నీళ్లలో అంతగా కలవదు. ట్యూబ్‌ని తిప్పేటప్పుడు నురగ రాకుండా చూడటం, పొరలు శుభ్రంగా విడిపోయేలా చేయడం దాని పని. సెంట్రిఫ్యూజ్ ఆగాక చూస్తే అడుగున పచ్చటి క్లోరోఫాం, మధ్యలో ప్రొటీన్ల తెల్లటి పొర, పైన డీఎన్‌ఏ ఉన్న నీటి పొర. మధ్యపొర కదలకుండా పైపొర ఒక్కటే పిపెట్‌తో లాగాలి. మామిడికైతే ఈ స్టెప్ రెండోసారి కూడా చేయాల్సిందే.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఆ తర్వాతిది. పైపొరలో దాని పరిమాణానికి 0.7 వంతు ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్ పోసి ట్యూబ్‌ని మెల్లగా తలకిందులు చేస్తుంటే, అప్పటిదాకా ఏమీ కనపడని ద్రవంలో నూలుపోగుల్లాంటి తెల్లటి దారాలు తేలాయి. ఒళ్లు పులకరించింది! డీఎన్‌ఏ ఫాస్ఫేట్లది రుణావేశం, సోడియంది ధనావేశం. వాటి మధ్య ఆకర్షణని నీరు దాదాపు 80 రెట్లు తగ్గిస్తుంది కాబట్టి అవి నీళ్లలో విడివిడిగా ఉంటాయి. ఇథనాల్ 24 రెట్లే తగ్గించగలదు, ఐసోప్రొపనాల్ అంతకన్నా తక్కువ. అందుకే ఆల్కహాల్ చేరగానే సోడియం వెళ్లి ఫాస్ఫేట్‌ని పట్టుకుంటుంది, డీఎన్‌ఏ ఇక కరిగి ఉండలేదు. ఇది క్లాసులో చదివి పరీక్షలో రాశాను కూడా. కళ్లారా చూశాకే మనసుకి ఎక్కింది.

ఇథనాలే ఎందుకు వాడలేదంటే అది రెండు, రెండున్నర రెట్లు పోయాలి. 600 మైక్రోలీటర్ల పైపొరకి అంత పోస్తే 1.5 మిల్లీలీటర్ల ట్యూబ్‌లో పట్టదు. అయితే ఐసోప్రొపనాల్ తనతో ఉప్పుని కూడా దింపేస్తుంది, ఆరడానికీ ఎక్కువ టైమ్ తీసుకుంటుంది. ఆ తర్వాత 70 శాతం ఇథనాల్‌తో కడిగేది ఇందుకే. అందులోని 30 శాతం నీళ్లు ఉప్పుని కరిగించి తీసుకుపోతాయి, డీఎన్‌ఏ మాత్రం అడుగునే ఉంటుంది. వంద శాతం ఇథనాల్‌తో కడిగితే ఉప్పు సరిగా పోదు.

అడుగున మిగిలిన డీఎన్‌ఏ ముద్దని (పెల్లెట్) ఆరబెట్టేటప్పుడే నాకు టెన్షన్. ఇథనాల్ మిగిలితే, డీఎన్‌ఏని సైజు ప్రకారం విడదీసి చూపే జెల్‌లో లోడ్ చేసిన శాంపిల్ వెల్‌లో (జెల్‌లోని గుంటలో) దిగకుండా పైకి తేలిపోతుందని మా సీనియర్ అక్క చెప్పింది. మరీ ఎండితే మళ్లీ కరగడానికి మొండికేస్తుంది. అంచులు పారదర్శకంగా మారుతుండగా డీఎన్‌ఏని కరిగించి ఉంచే టీఈ బఫర్ పోశాను.

జెల్‌లో పోసే ముందు శాంపిల్‌తో కలిపే రంగులో (లోడింగ్ డై) ఉన్నది కూడా ఆల్కహాలే, గ్లిసరాల్. మూడు ఓహెచ్‌లున్న ఈ చిక్కటి ద్రవం నీళ్లకన్నా బరువు కాబట్టి శాంపిల్ నేరుగా వెల్‌లోకి దిగింది. యూవీ కింద పైభాగంలో ఒకే బ్యాండ్, చెదరకుండా వచ్చింది. డీఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే 260/280 రీడింగ్ 1.8 దగ్గర, అంటే బాగానే ఉంది. మేడమ్ జెల్ ఫొటో చూసి పీసీఆర్‌కి, అంటే డీఎన్‌ఏ ముక్కకి కాపీలు తీసే పనికి, కావలసిన ప్రైమర్లు (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) తీసి పెట్టుకోమన్నారు.