ముక్కులో పుల్ల, గొంతులో పుల్ల

మా చిన్నదానికి ఏడేళ్లు. జ్వరం, మింగితే గొంతునొప్పి అని తీసుకెళ్తే నర్సు రెండు స్వాబ్‌లు, అంటే నమూనా తీసే మెత్తటి కొస ఉన్న పొడవాటి పుల్లలు, బయటికి తీసింది. నేను అలవాటుగా "ఏం కాదమ్మా, అస్సలు నొప్పి ఉండదు" అనేశాను. మనమంతా అలా పెరిగినవాళ్లమే కదా, చీమ కుట్టినట్టే ఉంటుందంటూనే ఇద్దరు కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకునేవాళ్లు.

నర్సు నా వైపు చూడనైనా లేదు. పాప ఎదురుగా కూర్చుని, గొంతులో పెడితే డోకొచ్చినట్టు ఉంటుంది, ముక్కులో మండుతుంది, కళ్లలో నీళ్లొస్తాయి, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది, ముందు ఏది చేద్దాం అని అడిగింది. పిల్లని ఇలా భయపెడుతుందేంటని నాకు నిజంగానే కోపం వచ్చింది. పాప మాత్రం కాస్త ఆలోచించి "గొంతు" అంది.

నాలుకకీ బుగ్గలకీ తగలకుండా రెండు టాన్సిల్స్ మీదా, వెనక గోడ మీదా రుద్దాలట, అందుకే నోరు బాగా తెరిచి "ఆ" అనమంటారు (అ ఆలు దిద్దమంటే ఏడ్చే పిల్ల, అక్కడ దీర్ఘం భలే తీసింది). ముక్కులోది పైకి కాదు, తిన్నగా వెనక్కి వెళ్తుంది. ఏడ్చింది, కానీ కదల్లేదు. ఎవరూ పట్టుకోలేదు కూడా.

ముక్కుది ఫ్లూ అని తేలింది. గొంతుది నెగెటివ్. అక్కడికక్కడే చేసే ఆ ర్యాపిడ్ టెస్టుకి పిల్లల్లో కొన్నిసార్లు స్ట్రెప్ (గొంతునొప్పి తెచ్చే ఒక బాక్టీరియా) దొరక్కపోవచ్చని కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో బాక్టీరియాని పెంచి చూసే పరీక్షకి పంపారు, అదీ రెండు రోజులకి నెగెటివే. ఈలోగా అమ్మ ఫోన్, "యాంటీబయాటిక్ రాయలేదా, ఏం డాక్టర్లే వాళ్లు!" అని. వైరస్‌కి అది పనిచేయదమ్మా, స్ట్రెప్ బాక్టీరియా అయితే మాత్రం కోర్సు వాడాలి, వదిలేస్తే కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి, ఏదో తేల్చడానికే ఆ పుల్ల అని చెప్పాను. ఇంట్లో మిగిలిన మాత్ర ముందే వేసుంటే కల్చర్‌లో ఆ బాక్టీరియా పెరక్కుండా పోయేదని కూడా చెప్పాను, ఎందుకంటే ఆవిడ తర్వాతి ప్రశ్న అదేనని నాకు తెలుసు.

అమ్మకి నమ్మకం కుదర్లేదు. ఇంతలో ఇది ఫోన్ లాక్కుని, "అమ్మమ్మా, అమ్మ నొప్పి లేదు అంది. అబద్ధం. నర్స్ నిజం చెప్పింది" అని ఫిర్యాదు.

అటు నుంచి నవ్వు. "మీ అమ్మకి నేనూ అలాగే చెప్పేదాన్నే!"